ఛాతీ గొట్టంలో బుడగలు ఆగడం లేదు: మళ్లీ సీటీ తీయించాలా, తీస్తే రంధ్రం కనిపిస్తుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ముందుగా ఒకసారి చెబుతాను. మీరు దేవరకొండ వైపు నుంచి రాస్తున్నారు. మీ మామగారికి టీబీ ఉందని తేలి మందులు మొదలైన కొద్ది రోజులకే కుడి ఊపిరితిత్తి చుట్టూ గాలి, చీము చేరాయి, దాంతో ఛాతీలోకి గొట్టం వేశారు. మూడు వారాలు దాటినా గొట్టం చివర ఉన్న నీళ్ల సీసాలో బుడగలు వస్తూనే ఉన్నాయి. గొట్టం వేయకముందు తీసిన సీటీ రిపోర్టులో ఫిస్టులా, అంటే గాలి బయటికి పోయే రంధ్రం లేదా దారి, కనిపించలేదని రాశారు. ఇప్పుడు డాక్టరుగారు మళ్లీ సీటీ రాశారు. అది నిజంగా అవసరమా, ఈసారైనా రంధ్రం ఖచ్చితంగా కనిపిస్తుందా, లేదని రిపోర్టు వస్తే గొట్టం తీసేయవచ్చా అని మీరు మూడు విషయాలు అడిగారు. నీళ్లు తాగినప్పుడల్లా ఆయనకు దగ్గు వస్తోందని మీరు చివర్లో ఒక్క వాక్యం రాశారు. దానిని కూడా నాలుగో ప్రశ్నగా తీసుకుంటున్నాను, ఎందుకంటే సీటీ ఎలా తీయాలన్నది దాని మీద కూడా ఆధారపడి ఉంటుంది.

నేను నల్లగొండలో రేడియాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఛాతీ సీటీలు చదవడం నా రోజువారీ పని. నేరుగా సమాధానం చెప్పాలంటే, సీటీ మళ్లీ తీయించడం సమంజసమే, కానీ మొదటిసారి తీసినట్టే మళ్లీ తీస్తే పెద్దగా ప్రయోజనం ఉండదు. సీటీ చిత్రాలను పలుచని పొరలుగా, ఈ ప్రశ్నను దృష్టిలో పెట్టుకుని తీస్తే గాలి ఎక్కడి నుంచి వస్తోందో తెలిసే అవకాశం బాగా పెరుగుతుంది. అయినా ప్రతి రంధ్రమూ కనిపిస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కనిపించలేదని రిపోర్టు వచ్చినా, బుడగలు వస్తున్నంత కాలం రంధ్రం ఉన్నట్టే లెక్క. రిపోర్టును చూసి గొట్టం తీయకూడదు. ఆయనను నేను చూడలేదు కాబట్టి తుది నిర్ణయం చికిత్స చేస్తున్న డాక్టరుగారిదే. ఆయనతో మాట్లాడేటప్పుడు మీకు ఉపయోగపడేలా కారణాలు వివరంగా రాస్తున్నాను.

ఊపిరితిత్తి పైన ఒక పలుచని పొర, ఛాతీ గోడ లోపలి వైపు మరో పొర ఉంటాయి. ఆ రెండింటి మధ్య మామూలుగా కొద్దిపాటి ద్రవం తప్ప గాలి ఉండదు. టీబీ ఊపిరితిత్తిని తొలిచి గుల్ల చేసినప్పుడు, ఆ గుల్ల పొర దాకా పాకి చిట్లితే శ్వాసనాళంలోని గాలి నేరుగా పొరల మధ్యకు దారి చేసుకుంటుంది. ఇలా శ్వాసనాళానికీ ప్లూరా అనే ఈ రెండు పొరల మధ్య ఖాళీకీ ఏర్పడిన దారినే బ్రాంకోప్లూరల్ ఫిస్టులా అంటారు. ఊపిరితిత్తిని లేదా దానిలో ఒక భాగాన్ని తీసేసిన ఆపరేషను తరువాత కుట్టు వేసిన చోట వచ్చే ఫిస్టులా పెద్ద శ్వాసనాళానికి సంబంధించినది కాబట్టి సీటీలో తేలికగా దొరుకుతుంది. టీబీ, తీవ్రమైన న్యుమోనియా, చీముగడ్డ వంటి వాటితో వచ్చేది ఎక్కువగా ఊపిరితిత్తి అంచున, సన్నని శ్వాసనాళికల దగ్గర ఉంటుంది. మీ మామగారిది ఈ రెండో రకమే అయ్యుండవచ్చు. వెతకడం కష్టమైనది కూడా ఇదే.

మొదటి సీటీలో అది ఎందుకు కనిపించి ఉండకపోవచ్చో చెబుతాను. సీటీ యంత్రం ఛాతీని పొరలు పొరలుగా కోసినట్టు చూపిస్తుంది. ప్రతి చుక్కకూ అక్కడి సాంద్రతను బట్టి ఒక అంకె ఇస్తుంది. ఆ అంకెలనే హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు అంటారు. నీటికి 0, గాలికి సుమారు మైనస్ 1000, మెత్తని కండకు సుమారు 40, కొవ్వుకు మైనస్ 100 ప్రాంతంలో ఉంటుంది. పొర మందం 5 మి.మీ. ఉంటే ఆ మందంలో ఉన్నదంతా కలిపి ఒకే సగటు అంకెగా వస్తుంది. ఇప్పుడు 1 మి.మీ. ఎత్తున్న గాలి దారి ఒకటి ఆ పొరకు సమాంతరంగా పోతోందని, దాని పైనా కిందా మిగిలిన 4 మి.మీ. మేర వాచిన కండే ఉందని అనుకోండి. సగటు లెక్కకడితే మైనస్ 168 వస్తుంది. ఊపిరితిత్తులను చూసే అమరికలో అది నల్లని గాలిలా కాకుండా, కొద్దిపాటి కొవ్వులా లేత బూడిద రంగులో కలిసిపోతుంది. చదివేవారు ఎంత శ్రద్ధగా చదివినా ఆ చిత్రంలో దారి ఉండదు. అదే దారిని 1 మి.మీ. లేదా అంతకన్నా పలుచని పొరలతో తీస్తే నల్లని గీతగా బయటపడుతుంది. అందుకే రిపోర్టులో ఫిస్టులా లేదని ఉంటే, ఆ సీటీ ఎంత మందం పొరలతో తీశారో ముందుగా అడగాలి. ఫిలిం మీద ముద్రించి ఇచ్చే బొమ్మలు ఎంపిక చేసినవి మాత్రమే, అవి చాలాసార్లు మందపు పొరలే. అసలు సమాచారం సీడీలో ఉంటుంది. పాత సీటీ సీడీలో పలుచని పొరలు భద్రపరిచి ఉంటే, దానిని ఒక అనుభవజ్ఞుడైన రేడియాలజిస్టు చేత మళ్లీ చదివించడమే మొదటి మెట్టు. అందుకు ఖర్చు తక్కువ, రేడియేషను అసలే ఉండదు.

అయితే మీ మామగారి విషయంలో పాత సీటీని మళ్లీ చదివించడంతోనే సరిపోదు. అది గొట్టం వేయకముందు తీసినది. చీము నిండి ఊపిరితిత్తి నొక్కుకుపోయి ఉన్నప్పుడు చిట్లిన చోటు ముడుచుకుని మూసుకుపోయి ఉండవచ్చు. చీము బయటికి పోయి ఊపిరితిత్తి కొంత విచ్చుకున్నాక అదే చోటు తెరుచుకుని కనిపించిన సందర్భాలు నా అనుభవంలో ఎన్నో ఉన్నాయి. మళ్లీ తీయడానికి ఇదే బలమైన కారణం.

పలుచని పొరలతో తీసిన తరువాత కంప్యూటరులో చేయాల్సిన పని కూడా ఉంది. అడ్డంగా కోసిన చిత్రాలతో సరిపెట్టకుండా నిలువుగా, పక్క నుంచి, అవసరమైతే ఒక్కో శ్వాసనాళిక పోయే వాలు ప్రకారం ఏటవాలుగా చిత్రాలను తిరిగి కూర్చుకోవాలి. కొన్ని మిల్లీమీటర్ల మందంలో అతి తక్కువ సాంద్రత ఉన్న చుక్కలనే ఎంచి చూపే పద్ధతి ఒకటి ఉంది. దానిని మినిమమ్ ఇంటెన్సిటీ ప్రొజెక్షన్ అంటారు. అందులో గాలి దారులు తెగకుండా ఒక్కచోట కనిపిస్తాయి కాబట్టి, ఏ శ్వాసనాళిక ఎక్కడ ఆగాలో అక్కడ ఆగకుండా పొరల మధ్యకు పోతోందేమో వెంట నడిచి చూడవచ్చు. శ్వాసనాళం లోపలికి కెమెరా పెట్టి చూసినట్టు చిత్రాన్ని కట్టి చూపే వర్చువల్ బ్రాంకోస్కోపీ పెద్ద నాళాల విషయంలో పనికొస్తుంది. అంచున ఉండే సన్నని దారులకు దాని సాయం తక్కువని నా అభిప్రాయం. చూడటానికి అందంగా ఉంటుంది కాబట్టి రిపోర్టుకు జత చేస్తారు, కానీ నిర్ణయం మాత్రం పలుచని పొరల మీదే జరుగుతుంది.

ఇక గొట్టంతో ఉన్న మనిషికి సీటీ తీసేటప్పుడు పాటించాల్సిన విషయాలు. ఇవి మీరు దగ్గరుండి చూసుకోగలిగినవి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. బుడగలు వస్తున్న గొట్టానికి వార్డు నుంచి సీటీ గది దాకా తీసుకెళ్లేటప్పుడు క్లాంపు వేయకూడదు. దారి మూసేస్తే లోపలికి వచ్చే గాలి బయటికి పోలేక పొరల మధ్య ఒత్తిడి పెరిగి, గుండెను పక్కకు నెట్టి ప్రాణం మీదికి తెస్తుంది. సీసా ఎప్పుడూ ఛాతీ కన్నా కిందనే ఉండాలి. స్ట్రెచరు మీద పడుకోబెట్టి సీసాను ఆయన కాళ్ల మధ్యనో, పొట్ట మీదనో పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అలా పెడితే సీసాలోని నీళ్లు వెనక్కి ఛాతీలోకి పోయే ప్రమాదం ఉంది. మరో సంగతి, చీము ఉన్న మనిషిని మంచి ఊపిరితిత్తి కిందికి వచ్చేలా పడుకోబెట్టవద్దు. ఫిస్టులా ఉంటే చీము ఆ దారి గుండా శ్వాసనాళంలోకి చేరి, బాగున్న ఊపిరితిత్తిలోకి దిగుతుంది. మీ మామగారు పక్కకు తిరిగి పడుకోవాల్సి వస్తే కుడివైపే కిందికి ఉండాలి. ఇంట్లోనైనా, వార్డులోనైనా ఇది వర్తిస్తుంది.

సీటీ తీసే కొద్ది క్షణాలు ఊపిరి బిగబట్టాలి. దమ్ముతో ఉన్నవారికి అది కష్టం కాబట్టి ముందుగా రెండు మూడుసార్లు సాధన చేయించడం మేలు. చేతులు తల మీదికి ఎత్తి పడుకోవాలి. మన జిల్లాలో దీనికి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటి ఉంది. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన కొందరు పెద్దవారిలో వెన్ను వంగిపోయి, భుజాల కీళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. వారు వెల్లకిలా పడుకోలేరు, చేతులు పైకి ఎత్తలేరు. చేతులు పక్కనే ఉంటే చిత్రాల్లో చారలు పడి సన్నని దారులు మరుగునపడతాయి. మీ మామగారికి ఆ ఇబ్బంది ఉంటే సీటీ గదిలో ముందే చెప్పండి. తలగడలు, మెత్తలు పెట్టి పడుకోబెట్టేందుకు, యంత్రం అమరికలు మార్చుకునేందుకు సిబ్బందికి సమయం దొరుకుతుంది.

చిత్రాలు వచ్చాక మేము చూసేది ఒక్క రంధ్రాన్నే కాదు. శ్వాసనాళిక లేదా గుల్ల నేరుగా పొరల మధ్య ఖాళీకి తెరుచుకున్నట్టు కనిపిస్తే అది ప్రత్యక్ష సాక్ష్యం. అది దొరకనప్పుడు పరోక్ష గుర్తులు ఉంటాయి. పొర అంచున ఉన్న గుల్ల గోడ ఒకచోట తెగి ఉండటం, దాని పక్కనే చీములో చిన్న గాలి బుడగల గుంపు ఉండటం, గొట్టం సరిగ్గా పనిచేస్తున్నా గాలి పరిమాణం తగ్గకపోవడం వంటివి. ఊపిరితిత్తి లోపలి చీముగడ్డను, పొరల మధ్య చేరిన చీమును వేరుచేయడం కూడా అంతే ముఖ్యం. పొరల మధ్య చీము కటకం ఆకారంలో సాగి, పక్కనున్న ఊపిరితిత్తిని, రక్తనాళాలను పక్కకు నెడుతుంది. సీటీలో తెల్లగా కనిపించే కాంట్రాస్టు మందును నరానికి ఇచ్చి తీస్తే లోపలి పొర, బయటి పొర విడివిడిగా మెరుస్తూ కనిపిస్తాయి. ఊపిరితిత్తి లోపలి చీముగడ్డ గుండ్రంగా, మందపు గోడతో ఉండి రక్తనాళాలను నెట్టకుండా తనలో కలుపుకుంటుంది. మొదటిదానికి గొట్టం తప్పనిసరి. రెండోదానికి చాలావరకు మందులే చికిత్స, దాంట్లోకి పొరపాటున గొట్టం వేస్తే లేని ఫిస్టులాను కొత్తగా తెచ్చిపెట్టినట్టవుతుంది.

దీనికి దగ్గరి విషయాన్ని కుటుంబాలు ఊహించవు, కొన్నిసార్లు వైద్యులకు కూడా వెంటనే స్ఫురించదు: బుడగలు వస్తున్నంత మాత్రాన గాలి ఊపిరితిత్తి రంధ్రం నుంచే వస్తోందని కాదు. ఛాతీ గొట్టానికి పక్కన కూడా రంధ్రాలుంటాయి. గొట్టం కొంచెం బయటికి జారితే చివరి రంధ్రం చర్మం కిందికో, బయటికో వచ్చి బయటి గాలినే లోపలికి పీలుస్తుంది. సీసా అతుకుల దగ్గర వదులైనా బుడగలు వస్తాయి. సూర్యాపేట వైపు నుంచి వచ్చిన ఒక లారీ డ్రైవరుకు ప్రమాదంలో పక్కటెముకలు విరిగి గొట్టం వేశారు. బుడగలు ఆగడం లేదని, పెద్ద ఆపరేషను కావాలేమోనని భయపడుతూ సీటీకి వచ్చారు. ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుని ఉంది, గొట్టం పక్క రంధ్రం మాత్రం చర్మం కింది కొవ్వులో ఉంది. గొట్టం మార్చగానే బుడగలు ఆగిపోయాయి. దీనికి పూర్తిగా భిన్నంగా, గొట్టం కొన ఊపిరితిత్తి కణజాలంలోకే దిగిపోయి, అదే రంధ్రంగా మారిన కేసులనూ చూశాను. మామూలు ఎక్స్‌రేలో ఈ రెండింటినీ నమ్మకంగా గుర్తించలేం. కాబట్టి రంధ్రం కోసం కాకపోయినా గొట్టం ఎక్కడుందో తెలుసుకోవడానికైనా మీ మామగారికి సీటీ పనికొస్తుంది.

ఇవేవీ కాకుండా గొట్టం సరైన చోటే ఉండి, సీటీలో దారి కనిపించకపోతే? సైకిల్ ట్యూబును నీళ్లలో ముంచితే బుడగలు వస్తాయి. కంటికి రంధ్రం ఆనకపోయినా పంక్చరు లేదని ఎవరూ అనరు. ఇక్కడా అంతే. దారి ఒక మిల్లీమీటరు కన్నా సన్నగా ఉండవచ్చు, చీము గడ్డకట్టి సీటీ తీసిన క్షణంలో మూసుకుని ఉండవచ్చు, దగ్గినప్పుడు మాత్రమే తెరుచుకోవచ్చు. అప్పుడు పని బ్రాంకోస్కోపీది. శ్వాసనాళంలోకి కెమెరా పంపి, చిన్న బెలూనుతో ఒక్కో శాఖను కాసేపు మూసి చూస్తారు. ఏ శాఖను మూస్తే సీసాలో బుడగలు తగ్గుతాయో గాలి ఆ శాఖ నుంచి వస్తోందని అర్థం. గొట్టం ద్వారా పొరల మధ్యకు మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు మందును పంపి, అది తెమడలో కనిపిస్తుందేమో చూసే పద్ధతి కూడా ఉంది. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ వల్ల తెమడ, మూత్రం నారింజ ఎరుపు రంగులోకి మారతాయి. ఆ రంగును చూసి గాబరాపడవద్దు, ఈ పరీక్షలో లెక్కలోకి వచ్చేది నీలమే. సీటీ ముందే ఏ భాగంలో అనుమానం ఉందో చెబితే బ్రాంకోస్కోపీ చేసేవారు నేరుగా అక్కడికే వెళ్లగలరు, కాబట్టి సగం సమాచారం ఇచ్చిన సీటీ కూడా వృథా కాదు.

సీటీ లేనిదాన్ని ఉన్నట్టు చూపే సందర్భాలూ ఉన్నాయి. నీరు తీయడానికి సూది వేసినప్పుడు కొద్దిగా గాలి లోపలికి పోతుంది. మరుసటి రోజు సీటీలో ఆ గాలిని చూసి ఫిస్టులా అని రాయడం తొందరపాటు. బీడీ, చుట్ట ఎక్కువగా తాగినవారి ఊపిరితిత్తి అంచున పలుచని గాలి బుడగలు ఉంటాయి, అవి పొరల మధ్య గాలిలా భ్రమింపజేస్తాయి. మెడ కింది భాగంలో, శ్వాసనాళానికి కుడివైపు కొంచెం వెనకగా చిన్న గాలి సంచి కొంతమందిలో ఉంటుంది. దానిని శ్వాసనాళం చిట్లినట్టుగా పొరబడే అవకాశం ఉంది, నిజానికి దానికి చికిత్సే అవసరం లేదు. ఇలాంటి వాటిని తేల్చడానికి పాత ఎక్స్‌రేలు, పాత సీటీ, ఏ రోజు ఏం చేశారో తెలిపే కేస్‌షీటు మాకు చాలా అవసరం.

ఇప్పుడు నీళ్లు తాగితే వచ్చే దగ్గు గురించి. దీనిని తేలికగా తీసుకోవద్దు, అలాగని ముందే భయపడవద్దు. బలహీనపడినవారిలో, గొంతుకు కూడా టీబీ సోకినవారిలో మింగడం సరిగా జరగక నీళ్లు శ్వాసనాళంలోకి పోయి దగ్గు వస్తుంది. రంధ్రం కన్నా ఇదే ఎక్కువమందిలో కారణం. కానీ ఛాతీ మధ్యలో శ్వాసనాళం రెండుగా చీలే చోట టీబీ గడ్డలు మెత్తబడి, ఒకవైపు అన్నవాహికలోకి, మరోవైపు శ్వాసనాళంలోకి తెరుచుకుంటే ఆ రెండింటి మధ్య దారి ఏర్పడుతుంది. మామూలు సీటీలో ఈ దారిని పట్టడం కష్టం, ఎందుకంటే అన్నవాహిక గోడలు మామూలుగా ముడుచుకుని ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. అందుకే అనుమానం ఉన్నప్పుడు, సీటీ బల్ల మీద పడుకోబెట్టి, నీళ్లలో కలిపిన కాంట్రాస్టు మందును ఒక గుక్క మింగించి వెంటనే తీస్తాం. ఈ మందు ఐయోహెక్సాల్ వంటి నాన్ అయానిక్ రకానిదై ఉండాలి. గాస్ట్రోగ్రాఫిన్ వంటి గాఢమైన మందు ఊపిరితిత్తిలోకి పోతే చుట్టూ ఉన్న నీటిని లాక్కుని ఊపిరితిత్తుల వాపు తెస్తుంది. బేరియం మింగించి ఎక్స్‌రే తీసే పరీక్ష కూడా ఉపయోగకరమే, కానీ దానిని సీటీకి ముందు చేయించవద్దు. మిగిలిపోయిన బేరియం సీటీలో తీవ్రమైన చారలు తెస్తుంది, పని వెనకబడుతుంది.

టీబీ వల్ల వచ్చిన ఇలాంటి చిన్న దారుల్లో చాలావరకు టీబీ మందులతో, కొంతకాలం ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇవ్వడంతో మూసుకుపోతాయి. కాబట్టి అది ఉన్నట్టు తేలినా ఆశ వదులుకోవాల్సిన పని లేదు.

మన దక్షిణ తెలంగాణలో అన్నవాహికకూ శ్వాసనాళానికీ మధ్య రంధ్రాన్ని నేను ఎక్కువగా చూసే సందర్భం వేరే ఉంది, ఇది చదివే ఇతరులకు పనికొస్తుందని రాస్తున్నాను. పత్తి పండించే ఊళ్లలో పురుగుల మందు ఒంట్లోకి పోయి చాలా రోజులు వెంటిలేటరు మీద ఉండి బతికి బయటపడినవారు ఉంటారు. శ్వాసనాళంలో వేసిన గొట్టానికి ఉండే బెలూను ఒత్తిడి 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి మధ్య ఉండాలి. అంతకు మించి రోజుల తరబడి ఉంటే శ్వాసనాళం వెనక గోడకు రక్తం అందక అది కుళ్లిపోతుంది. దాని వెనకే అన్నవాహిక, అందులో ఆహారపు గొట్టం ఉంటాయి. నాగర్‌కర్నూలు వైపు నుంచి వచ్చిన ఒక యువకుడు ఇంటికి చేరిన తరువాత ఏం తాగినా దగ్గుతో బయటికి వస్తోందని, మాటిమాటికీ నిమ్ము చేస్తోందని సీటీకి వచ్చాడు. సరిగ్గా బెలూను ఉండే ఎత్తులో శ్వాసనాళం వెనక గోడలో రంధ్రం, దాని కింద అన్నవాహిక గాలితో ఉబ్బి ఉండటం స్పష్టంగా కనిపించాయి. అక్కడే శ్వాసనాళం సన్నబడి కూడా ఉంది. రంధ్రం ఎంత పొడవు, స్వరపేటిక నుంచి ఎంత దూరం, సన్నబడిన భాగం ఎంత అన్న మూడు కొలతలూ ఆపరేషను చేసేవారికి సీటీ నుంచే అందాయి. వెంటిలేటరు నుంచి బయటపడిన మనిషికి తాగితే దగ్గు వస్తుంటే గొంతు నొప్పి అనుకుని వారాలు గడపవద్దు.

పసిపిల్లల విషయం వేరు. పుట్టుకతో ఉండే ఇలాంటి దారుల్లో ఎక్కువ భాగం మొదటి రోజుల్లోనే, ముక్కు గొట్టం పొట్టలోకి దిగకపోవడం, ఎక్స్‌రే వంటి వాటితో తెలిసిపోతాయి, సీటీ అరుదుగానే అవసరపడుతుంది. పాలు తాగిన ప్రతిసారీ దగ్గి, మాటిమాటికీ నిమ్ము చేసే బిడ్డకు మాత్రం అన్నవాహికకూ శ్వాసనాళానికీ మధ్య సన్నని అడ్డదారి ఉండే హెచ్ రకం గురించి నిలోఫర్ వంటి పిల్లల ఆసుపత్రిలో అడగాలి. రిమోట్లలో, బొమ్మల్లో ఉండే గుండ్రని బ్యాటరీ మింగి అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే గోడ కాలిపోవడం మొదలవుతుంది. అక్కడ సీటీ కోసం ఆగకుండా బ్యాటరీ తీయించడమే ముఖ్యం.

మళ్లీ మీ మామగారి దగ్గరికి వస్తాను. ఆయనది కుడివైపు కాబట్టి సీటీని కాలేయం మొత్తం కనిపించేలా కిందిదాకా తీయమని చెప్పండి. కల్లు తాగే అలవాటున్న మగవారిలో అమీబా వల్ల కాలేయంలో చీముగడ్డ మన ప్రాంతంలో తరచుగా చూస్తాం. అది ఛాతీనీ పొట్టనూ వేరుచేసే విభాజక పటలాన్ని తొలుచుకుని కుడి ఊపిరితిత్తిలోకి, శ్వాసనాళంలోకి తెరుచుకోగలదు. అప్పుడు ముదురు గోధుమ రంగు తెమడ వస్తుంది, పిత్తనాళం కూడా కలిస్తే తెమడ పచ్చగా, చేదుగా ఉంటుంది. పాలమూరు వైపు గొర్రెలు, కుక్కల మధ్య బతికేవారిలో కుక్కల నుంచి సోకే పురుగు వల్ల వచ్చే హైడాటిడ్ తిత్తి శ్వాసనాళంలోకి పగిలితే ఉప్పగా ఉండే నీళ్లు దగ్గులో పడతాయి. ఆయనకు టీబీ రుజువైంది కాబట్టి ఇవి ఉండే అవకాశం తక్కువే, కానీ చూడటానికి అదనంగా పట్టేది కొన్ని సెకన్లే.

కాంట్రాస్టు సూది గురించి మీకు భయం ఉన్నట్టు రాశారు. ముందు రక్తంలో కిడ్నీల పనితీరును తెలిపే క్రియాటినిన్ చూస్తారు. కిడ్నీల పనితీరు బాగా తగ్గి ఉంటే సూది లేకుండానే తీయవచ్చు. గాలి దారి కనిపించడానికి సూది మందు అవసరం లేదు, అది పొరలను, చీమును, గడ్డలను వేరుచేయడానికి పనికొస్తుంది. షుగరుకు మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంటే, ఇంతకుముందు ఏ సూదికైనా ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే తప్పక చెప్పాలి. రేడియేషను విషయానికొస్తే, ఒక ఛాతీ సీటీలో సుమారు 5 నుంచి 7 మిల్లీసీవర్టులు అందుతాయి. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి సగటున అందేది సుమారు 2.4. ఈ వయసులో, ఈ పరిస్థితిలో ప్రయోజనం ముందు ఆ నష్టం చాలా చిన్నది. కానీ ప్రతి వారం చూసుకోవడానికి మాత్రం ఎక్స్‌రేనే వాడాలి.

సీటీ రాసిన చీటీలో "ఛాతీ సీటీ" అని రెండు మాటలే ఉంటే డాక్టరుగారిని అడిగి ఇంకో వాక్యం రాయించండి: టీబీ, కుడివైపు చీము గాలి, గొట్టం వేసిన తేదీ, బుడగలు ఆగడం లేదు, నీళ్లు తాగితే దగ్గు, బ్రాంకోప్లూరల్ ఫిస్టులా మరియు అన్నవాహిక ఫిస్టులా అనుమానం, గొట్టం స్థానం కూడా చూడాలి. ఆ వాక్యాన్ని బట్టే మేము పొర మందం, మింగించే మందు, ఎంత కిందిదాకా తీయాలన్నది నిర్ణయించుకుంటాం. నా అనుభవంలో యంత్రం గొప్పదనం కన్నా ఆ ఒక్క వాక్యమే ఎక్కువ రంధ్రాలను పట్టించింది. నల్లగొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో తీయించినా సీడీ తప్పక తీసుకోండి. ఛాతీ శస్త్రచికిత్స నిపుణుల అభిప్రాయం కోసం ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికో, నిమ్స్‌కో పోవాల్సి వస్తే మళ్లీ తీయించే అవసరం ఉండదు.

గొట్టం ఎప్పుడు తీస్తారన్నది చివరి మాట. దగ్గించినా బుడగలు రాకపోవడం, ఎక్స్‌రేలో ఊపిరితిత్తి విచ్చుకుని ఉండటం, చీము బాగా తగ్గడం, ఈ మూడూ కలిసినప్పుడే తీస్తారు. టీబీ ఫిస్టులా మూసుకోవడానికి నెలలు పట్టవచ్చు. అందుకే కొందరిని సీసా బదులు సంచి లేదా ఒకవైపే గాలి పోయే వాల్వు అమర్చి ఇంటికి పంపుతారు. టీబీ మందులు ఒక్క పూట కూడా ఆపకుండా వాడాలి, గుడ్లు, పప్పు, పాలు వంటి బలమైన తిండి పెట్టాలి. ఆ దగ్గు సంగతి తేలేదాకా ఏదైనా కూర్చోబెట్టి కొద్దికొద్దిగానే ఇవ్వాలి. తాగగానే ఊపిరి ఆడనట్టు అయితే నోటితో ఇవ్వడం ఆపి డాక్టరుగారికి చెప్పండి. నెలలు గడిచినా మూసుకోకపోతే శ్వాసనాళంలో వాల్వు పెట్టడం, కండరంతో రంధ్రాన్ని మూసే ఆపరేషను వంటి మార్గాలున్నాయి. ఈలోగా గొట్టం ఊడి సీసా నుంచి విడిపోతే క్లాంపు వేయకుండా వెంటనే తిరిగి తగిలించండి. ఒక్కసారిగా దమ్ము పెరిగినా, బుడగలు హఠాత్తుగా ఆగి మనిషి అవస్థ పడుతున్నా, మెడ, ఛాతీ చర్మం ఉబ్బి నొక్కితే కరకరలాడినా రాత్రి అని చూడకుండా, సీటీ తేదీ కోసం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.